సగం కట్టిన డ్రైన్‌కు పూర్తి బిల్లు అడుగుతున్నారు, ఏం చేయాలి?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నువ్వు చెప్పింది క్లుప్తంగా రాస్తాను. తెలంగాణలో ఒక గ్రామ పంచాయతీకి కార్యదర్శిగా చేరి ఎనిమిది నెలలైంది. ఊళ్లో 120 మీటర్ల సైడ్ డ్రైన్ మంజూరైంది, నేల మీద 70 మీటర్ల దగ్గర పని ఆగింది, ఎం.బుక్‌లో (పనుల కొలతలు రాసే పుస్తకంలో) మాత్రం మొత్తం అయిపోయినట్టు రాసి ఉంది. పని చేసింది సర్పంచ్ బంధువు. సర్పంచ్ ఒక మహిళ, కానీ నీకు ఫోన్ చేసేది ఆమె భర్త. "బిల్లు పెట్టండి మేడం, మిగతాది వానలు తగ్గాక చేయిస్తాం" అంటున్నారు. పక్క ఊరి కార్యదర్శి "అందరం ఇట్లనే నడిపిస్తున్నం, సర్దుకుపో" అన్నాడు. ఇంట్లో మీ అమ్మకు భయం. నిజాయితీగా ఉంటూ ఈ ఉద్యోగం చేయగలనా, లేక ఇంకో పరీక్ష రాసుకుని వెళ్లిపోవాలా అని అడిగావు.

నేను 33 ఏళ్లు పంచాయతీరాజ్ శాఖలోనే చేశాను, మొదట ఊళ్లలో, తర్వాత మండలం స్థాయిలో. నా సమాధానం సూటిగా చెబుతాను: చేయగలవు. కానీ ఒంటరిగా, మనసులో నిజాయితీ పెట్టుకుని, అడిగిన ప్రతివాడికీ మొహం మీద "కాదు" అని చెబుతూ చేయలేవు. అలా చేసినవాళ్లు రెండేళ్లలో అలసిపోయి సెలవు పెట్టడమో లొంగిపోవడమో చూశాను. నీ "కాదు" అన్నమాట నీ నోటి నుంచి కాకుండా కాగితం నుంచీ, కొలత నుంచీ, గ్రామసభ నుంచీ రావాలి. ఇక్కడి నుంచి నేను రాసేదంతా దాని గురించే.

ముందు డ్రైన్ సంగతి, ఎందుకంటే అది రేపటి సమస్య.

సంతకం పెట్టొద్దు. పెట్టను అని గొడవ కూడా పడొద్దు. టేప్ తీసుకుని, ఇద్దరు పారిశుధ్య కార్మికులను వెంట పెట్టుకుని, వీలైతే ఆ వార్డు సభ్యుణ్ణి కూడా పిలిచి డ్రైన్ కొలువు. పొడవు ఒక్కటే కాదు, లోతు, గోడ మందం, అడుగున బెడ్ వేశారా లేదా అన్నీ చూడు. తేదీ, స్థలం పడేలా ఫోటోలు తీయి. ఆ తర్వాత, ఇది ముఖ్యం, ఎవరికీ ఏమీ రాయకముందే ఎం.బుక్ రాసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి వెళ్లి కూర్చుని మాట్లాడు. ఒక్కో ఏఈకి అన్ని ఊళ్ల పనులూ మీద పడి ఉంటాయి, కాంట్రాక్టర్ "రేపటికి అయిపోతుంది సార్" అంటే నమ్మి ముందే రాసేసిన సందర్భాలు నాకు తెలుసు. ఆయన దొంగ అని అనుకుని మొదలుపెట్టకు. "సార్, నేను కొలిస్తే 70 వచ్చింది, మీరు ఒకసారి వచ్చి చూస్తే ఎం.బుక్ సరిచేసి పార్ట్ బిల్లు పెడదాం" అని అడుగు. తప్పు దిద్దుకోవడానికి మనిషికి ఒక అవకాశం ఇవ్వడం కూడా మన ధర్మంలో భాగమే అని నేను అనుకుంటాను, పైగా సగం గొడవలు అక్కడే ముగుస్తాయి.

పార్ట్ బిల్లు అన్నమాట గుర్తుపెట్టుకో. ఎంత పని జరిగితే అంతకు కొలత రాయించి డబ్బు ఇవ్వడం పూర్తిగా సక్రమమైన పద్ధతి. కాంట్రాక్టర్ నిజంగా సిమెంటు, ఇసుక, కూలీల మీద ఖర్చు పెట్టి ఉంటాడు, ఆయనకు వడ్డీ పెరుగుతూ ఉంటుంది. మన పంచాయతీల్లో బిల్లులు నెలల తరబడి ట్రెజరీలో ఆగిపోవడం నీకు కొత్తేం కాదు, అందుకే చాలామంది కాంట్రాక్టర్లు దురాశతో కాకుండా భయంతో ముందే మొత్తం బిల్లు పెట్టించుకోవాలని చూస్తారు. నువ్వు "70 మీటర్లకు ఈ వారమే బిల్లు పెడతాను, మిగతా 50 అయిన రోజు మళ్లీ కొలిచి రెండో బిల్లు పెడతాను" అంటే, ఆయన చేతికి ఏదో ఒకటి అందుతుంది, నీ చేతికి మచ్చ రాదు. అధికారి అంటే అడ్డం నిలబడేవాడు అని ఊళ్లో ఒక అభిప్రాయం ఉంటుంది. న్యాయంగా రావాల్సిన డబ్బును త్వరగా ఇప్పించే అధికారి, రాకూడని డబ్బును ఆపినా జనం అర్థం చేసుకుంటారు.

ఏఈ ఒప్పుకోకపోతే అప్పుడు రాయి. అర పేజీ చాలు. ఫలానా తేదీన పని స్థలం చూశాను, ఇంత మేర పూర్తయినట్టు కనిపించింది, ఎం.బుక్‌లో నమోదైన కొలతకూ దీనికీ తేడా ఉంది, మళ్లీ కొలతలు తీయించగలరని మనవి, అని మండల పంచాయతీ అధికారికి. ఎవరినీ నిందించే మాట ఒక్కటీ ఉండకూడదు. అవుట్‌వార్డ్ నంబరు వేసి పంపి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ఆఫీసు నుంచి ఫోన్ చేసి "పెట్టేయమ్మా, నేను చూసుకుంటా" అంటే, సరే సార్ అని విని, అదే రోజు "ఈరోజు తమరు ఫోన్‌లో ఇచ్చిన ఆదేశానికి సంబంధించి క్షేత్రస్థాయి పరిస్థితి ఇది, తదుపరి ఆదేశాలు రాతపూర్వకంగా ఇప్పించగలరు" అని మర్యాదగా రాసి ఫైల్లో పెట్టు. నోటిమాట ఆదేశాల మీద అధికారులు పనిచేయకూడదని, అలాంటివి వచ్చినప్పుడు రికార్డు చేయాలని సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ కేసు వేసింది రిటైరైన పెద్ద పెద్ద అధికారులు, కానీ ఆ తీర్పు వల్ల ఎక్కువ మేలు జరగాల్సింది నీలాంటి కింది స్థాయి ఉద్యోగికే. నా అనుభవంలో పదిసార్లలో ఎనిమిదిసార్లు రాతపూర్వక ఆదేశం అడగగానే ఆ ఆదేశం మళ్లీ రాదు.

ఒక్కటి మాత్రం చేయకు. ఫోన్ సంభాషణ రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, విలేకరికి ఇవ్వడం. కోపంలో బాగానే అనిపిస్తుంది. మరుసటి రోజు నుంచి ఆ ఊళ్లో ఎవరూ నీతో మనసు విప్పి మాట్లాడరు.

ఇప్పుడు సర్పంచ్ సంగతి. నువ్వు రాసిన దాంట్లో నన్ను ఎక్కువగా ఆపింది ఇదే. ఎనిమిది నెలల్లో ఆమెతో నువ్వు నేరుగా ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడావు? రిజిస్టర్లు సంతకానికి వాళ్లింటికి పంపుతున్నావా, ఆయన అందుకుంటున్నాడా, లోపలి నుంచి సంతకాలై వస్తున్నాయా? అలా అయితే ఆ తప్పులో మనకూ భాగం ఉంది, నేను కూడా మొదటి పదేళ్లు అదే చేశాను, తేలిక కదా అని. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు మహిళలకు కేటాయించారు, కానీ ఆ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టే పని కార్యదర్శి చేతిలో చాలా ఉంది. ఎజెండా ఆమె చేతికి ఇవ్వాలి, ఆమె పేరుతో పిలవాలి, ఆమెను అడగాలి.

నేను మండలంలో చేస్తున్నప్పుడు ఒక ఊళ్లో సంతకం పెట్టడం వరకే వచ్చిన ఒక సర్పంచ్ ఉండేది. అక్కడి కార్యదర్శి మంచి కుర్రాడు. అతనికి ఒకటే చెప్పాను, నెలవారీ సమావేశంలో ప్రతి వోచరూ గట్టిగా చదువు, అర్థమయ్యే తెలుగులో, "వీధి దీపాలకు ఇంత, ట్రాక్టర్ డీజిల్‌కు ఇంత" అని. మొదటి నెల ఆమె తల వంచుకుని విన్నది. రెండో నెల కూడా అంతే. మూడో నెల "బ్లీచింగ్ నాలుగు బస్తాలని చదివినవ్ గద బిడ్డా, వచ్చినయి రెండే, మా ఇంటి ముందరనే దించిన్రు" అన్నది. ఆ రోజు భర్త కూడా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఆ పంచాయతీలో దొంగ వోచరు పెట్టాలంటే జంకేవాళ్లు. కార్యదర్శి ఎవరితోనూ పోట్లాడలేదు, చదివాడంతే. నీ సర్పంచ్‌కు కూడా చెప్పు: ఈ బిల్లు తప్పైతే రేపు నోటీసు వచ్చేది ఆమె పేరు మీదే, ఫోన్ చేసే ఆయన పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఇది బెదిరింపులా కాకుండా, తోటి ఆడపిల్లగా పక్కన కూర్చుని చెప్పు. వినే అవకాశం చాలా ఉంది.

"అందరం ఇట్లనే నడిపిస్తున్నం" అన్న పక్క ఊరి అబ్బాయి గురించి. అతను చెడ్డవాడని నేను అనను. ఎలా మొదలవుతుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. పంచాయతీలో నిధులు రావు, ట్రాక్టర్‌లో డీజిల్ ఉండదు, కలెక్టర్ గారి పర్యటన ఉంటుంది, కార్యదర్శి సొంత జేబులోంచి ఐదు వేలు పెట్టి మోరీలు తీయిస్తాడు. ఆ ఐదు వేలు తిరిగి రావాలంటే ఇంకో పద్దులో లేని కొనుగోలు చూపించి బిల్లు పెట్టాలి. మొదటి అబద్ధపు వోచరు చాలాసార్లు ఇలాంటి మంచిపని కోసమే పుడుతుంది. రెండోది దుకాణదారు సలహాతో వస్తుంది, "ఎట్లాగూ రాస్తున్నరు గద సార్, ఇంకో రెండు కలపండి" అని. మూడోదానికి అతను నీకు సర్దుకుపో అని చెప్పే మనిషి అవుతాడు. అందుకే సొంత డబ్బు పెట్టడం నేను త్యాగంగా చూడను, అది నీ మెడకు నువ్వే వేసుకునే తాడు. డబ్బు లేకపోతే లేదని పై అధికారికి రాయి. అత్యవసరంగా పెట్టక తప్పకపోతే ముందు సర్పంచ్‌కు రాతలో చెప్పి, అసలు రశీదు అసలు పేరుతో ఉంచి, తర్వాతి సమావేశంలో తీర్మానం చేయించు. ఆలస్యమైనా నిజమైన బిల్లుగానే రావాలి.

ఇంటి పన్ను డబ్బు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నాతోపాటు ఉద్యోగంలో చేరిన ఒక మిత్రుడు, పేరు చెప్పను, చాలా మంచి మనిషి, వసూలు చేసిన పన్ను డబ్బు 11 రోజులు తన దగ్గర ఉంచుకున్నాడు. కూతురు ఆస్పత్రిలో ఉంది, జీతం రాలేదు. పన్నెండో రోజు ఒక్క రూపాయి తక్కువ కాకుండా జమ చేశాడు. ఆడిట్‌లో రశీదు తేదీకీ జమ తేదీకీ తేడా పట్టుకున్నారు. తాత్కాలిక దుర్వినియోగం అని ఆడిట్ నివేదికలో రాశారు, ఇంక్రిమెంట్లు ఆగాయి, ప్రమోషన్ మా అందరి కంటే ఆలస్యమైంది. అతను దొంగ కాదు. కానీ ఊరి డబ్బు తన డబ్బుతో ఒకే జేబులో కలిసింది. నువ్వు రశీదు రాసిన రోజే, కుదరకపోతే మర్నాడు, జమ చెయ్యి. ఇంట్లో కష్టం వస్తే నీ స్నేహితులను అడుగు, నన్నైనా అడుగు.

చెల్లింపులకు ఆన్‌లైన్‌లో సంతకంగా వాడే నీ డిజిటల్ కీ ఎక్కడుంది? ఆపరేటర్ డ్రాయర్లో ఉంటే ఇవాళే తెచ్చుకో. పాస్‌వర్డ్ కీ మీదే అతికించి ఉంచే ఆఫీసులు కూడా చూశాను. దాంతో వెళ్లిన ప్రతి చెల్లింపూ చట్టం దృష్టిలో నీ సంతకమే, "నాకు తెలియదు సార్" అన్నమాట అక్కడ నిలబడదు. అలాగే ఖాళీ తీర్మానాల పుస్తకంలో ముందే సంతకాలు తీసుకోవడం. నా మూడో ఏట ఒక గ్రామసభ జరగకుండానే జరిగినట్టు మినిట్స్ రాశాను, పది ఇళ్లు తిరిగి సంతకాలు తెచ్చాను. ఆ సభ పేరుతో పంపిన పెన్షన్ జాబితాలో అర్హురాలైన ఒక ఒంటరి మహిళ పేరు పోయింది. సభ జరిగి ఉంటే ఆమె లేచి అడిగేది, కనీసం పక్కింటివాళ్లు అడిగేవాళ్లు. ఆమె పెన్షన్ రావడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది. నన్ను ఎవరూ పట్టుకోలేదు, మెమో రాలేదు. ఇప్పటికీ ఆ వీధి గుర్తొస్తే నాకు బాధగానే ఉంటుంది. మనం డబ్బు తినకపోయినా మన దొంగ కాగితం ఇంకెవరి కంచంలోంచో అన్నం తీసేస్తుంది, ఆ సంగతి నాకు ఆ రోజు అర్థమైంది.

అందుకే గ్రామసభ నిజంగా పెట్టు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం మీకు రెండు నెలలకోసారి జరగాలి. జనం రారు అంటారు. చాటింపు సాయంత్రం వేయించి, పనికి పోయి వచ్చాక సభ పెట్టు, మధ్యాహ్నం పన్నెండింటికి పెడితే కూలిజనం ఎట్లా వస్తారు? రెండు సభలు పలచగా ఉంటాయి. లెక్క చదువుతున్నారని తెలిస్తే మూడోదానికి వస్తారు. ఆఫీసు గోడ మీద నెల నెలా వచ్చిన డబ్బు, పోయిన డబ్బు, ఏ పనికి, ఎవరికి అని రాయించు. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ ఎవరూ అడగకముందే ఇవన్నీ బయటపెట్టమనే చెబుతోంది. అడిగేవాళ్ల నుంచి మన పల్లె స్థాయిలో దరఖాస్తు ఫీజు కూడా తీసుకోరు. కేంద్ర ఆర్థిక సంఘం నిధులైతే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి, మీ ఊరి కుర్రాడు ఎక్కడో కూర్చుని ఫోన్‌లో చూసుకోగలడు. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు, నీ డ్రైన్ ఆ పద్దులోదైతే ఆ లెక్క ఢిల్లీ దాకా పోతుంది. ఈ మాట సర్పంచ్ భర్తకు మెల్లగా చెప్పు, చాలా వేడి తగ్గుతుంది.

గంగదేవిపల్లి పేరు వినే ఉంటావు, వరంగల్ దగ్గర. శిక్షణలో అందరికీ ఆదర్శ గ్రామంగా చూపిస్తారు. అక్కడి శుభ్రమైన రోడ్లు చూసి వచ్చేస్తారు చాలామంది. అసలు చూడాల్సింది వాళ్లు నీళ్లకు ఒకటి, ఇంకో పనికి ఒకటి అని కమిటీలు వేసుకుని ఊరివాళ్లే బాధ్యత పంచుకున్న తీరు. పదిమంది కళ్లు ఉన్న చోట ఒక్క అధికారి ధైర్యం మీద అంత భారం పడదు.

నువ్వు ఎవరి ఉద్యోగివి అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. పంచాయతీ అంటే సర్కారు బ్రాంచి ఆఫీసు కాదు. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ మొదలైతే, అదే ఏడాది మన షాద్‌నగర్‌లో మొదలైంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక అది స్థానిక ప్రభుత్వం. సర్పంచ్‌ను జనం ఎన్నుకున్నారు, ఏ వీధిలో ముందు డ్రైన్ వేయాలో చెప్పే హక్కు ఆమెకు, పాలకవర్గానికి ఉంది, అది నీకు నచ్చకపోయినా ఒప్పుకోవాలి. కొత్తగా చదువుకుని వచ్చిన పిల్లల్లో ఒక పొరపాటు చూస్తుంటాను, రాజకీయ నాయకుడు చెప్పిందల్లా తప్పే అనుకుంటారు. కాదు. ఏం చేయాలన్నది వాళ్లది. ఎలా చేయాలి, లెక్క ఎలా ఉండాలి అన్నది నీది. ఆ గీత దాటి వాళ్లు వస్తే ఆపు, నువ్వూ దాటొద్దు.

లంచం విషయం నువ్వు అడగలేదు కానీ ఎప్పుడో ఒకరోజు వస్తుంది. నోట్ల కట్టగా రాదు, జనన ధ్రువీకరణ పత్రం ఇచ్చినప్పుడు "చాయ్ తాగు బిడ్డా" అని వంద రూపాయలుగా వస్తుంది. 21 రోజుల్లోపు నమోదు చేస్తే దానికి ఫీజే లేదు. వద్దు అని చెప్పి, నీళ్లు ఇచ్చి పంపు. నీ పేరు చెప్పి అటెండరో ఆపరేటరో తీసుకుంటున్నాడేమో కూడా గమనించు. అవినీతి నిరోధక చట్టంలో లంచం తీసుకున్నందుకు మూడు నుంచి ఏడేళ్ల జైలు ఉంది, వేరొకరి కోసం తీసుకున్నా అంతే. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ అయినట్టే. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాళ్లదీ నేరమే, బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే తప్ప. ఇది మీ ఊరి జనానికి కూడా తెలిసేలా అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) 1064 నంబరు గోడ మీద పెద్దగా రాయించు. కార్యదర్శే ఆ నంబరు రాయించిందని తెలిస్తే బేరాలు వాటంతటవే తగ్గుతాయి.

మాట్లాడితే ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు చెబుతారు మన దగ్గర. నిజంగా గొప్ప మనిషి. వెట్టిచాకిరీ నిర్మూలన కోసం పల్లెలు తిరిగారు, త్రిపురకు ప్రధాన కార్యదర్శిగా చేశారు, 2005లో పద్మభూషణ్ ఇస్తే వద్దన్నారు. కానీ ఆయనతో నిన్ను పోల్చుకుని నువ్వు కుంగిపోవడం నాకు ఇష్టం లేదు. ఆయనకు ఐఏఎస్ రక్షణ ఉంది, నీకు ప్రొబేషన్ ఉంది, అద్దె ఇల్లు ఉంది, రాత్రి ఒంటరిగా స్కూటీ మీద ఇంటికి రావాల్సిన దారి ఉంది. కాబట్టి జాగ్రత్త పడటం పిరికితనం కాదు. మీ మండలంలో నీలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు, వాళ్లను వెతుక్కో, వారానికోసారి మాట్లాడుకోండి. ఉద్యోగ సంఘం సమావేశాలకు వెళ్లు. బెదిరింపు వస్తే అదే రోజు రాతపూర్వకంగా పై అధికారికి తెలియజేయి, ఇంట్లో కూడా చెప్పు. మీ అమ్మతో కూడా ఇదంతా మాట్లాడు. "నేను గొడవ పడటం లేదమ్మా, కొలత రాసి పెడుతున్నాను, నా ఉద్యోగాన్ని కాపాడేది ఆ కాగితమే" అంటే ఆవిడ టెన్షన్ కొంచెం తగ్గుతుంది.

ఇంత చేసినా బదిలీ కావొచ్చు, ఒక మెమో రావొచ్చు. ఆ మాట దాచను. నాకు 33 ఏళ్లలో తొమ్మిది బదిలీలు అయ్యాయి, వాటిలో మూడు ఇలాంటి కారణాలకే. ప్రతి ఊళ్లోనూ మోరీలు, నీళ్ల ట్యాంకు, పింఛను కోసం వచ్చే ముసలివాళ్లు ఉంటారు, పని ఎక్కడైనా ఒకటే. ఇంకో పరీక్ష రాయాలనిపిస్తే రాయి, అది నీ హక్కు, కానీ ఈ డ్రైన్ నుంచి పారిపోవడానికి మాత్రం రాయకు, అక్కడ కూడా ఏదో ఒక ఎం.బుక్ నీ బల్ల మీదికి వస్తుంది.

రేపు పొద్దున ఎండ ముదరకముందే వెళ్లి కొలువు. ఎం.బుక్ నంబరు, పేజీ నంబరు, అంచనాలో ఉన్న కొలతలు, నువ్వు తీసిన కొలతలు ఒక కాగితం మీద రాసుకో. మధ్యాహ్నం ఏఈని కలువు. ఆయన ఏమన్నారో సాయంత్రం ఇక్కడ రాయి, ఎవరి పేర్లూ ఊరి పేరూ లేకుండా. అవసరమైతే ఆ అర పేజీ నోట్ ఇద్దరం కలిసి రాద్దాం.